ఎంత దూరమని అడిగేవాళ్ళేరీ?

కరెంటు సామాన్ల కొట్టుకెళ్ళి పొలంలో మోటారుకి వైరు కావాలని అడగండి. కౌంటరు దగ్గరున్న కుర్రాడు మోటారు ఎన్ని హార్స్‌పవరని అడుగుతాడు. ఏ కంపెనీ వైరు ఇవ్వమంటారని అడుగుతాడు. డబ్బులు ఫోన్లో కొడతారా, చేతికిస్తారా అని కూడా అడుగుతాడు. మీటరు దగ్గర్నుంచి మోటారు దాకా ఎంత దూరమని మాత్రం అడగడు. ఒక హార్స్‌పవరంటే ఏడు ఆంపియర్లు, ఏడు ఆంపియర్లకి ఒకటిన్నర ఎంఎం చాలు, అనుమానముంటే రెండున్నర తీసుకోండి. అంతే, బేరం ముగిసింది. మోటారు ఇంటి వెనక నూతి దగ్గరున్నా, ఊరవతల తుమ్మచెట్లు దాటి ఉన్నా అదే వైరు.

మా రోజుల్లో దూరం తేలకుండా వైరు మాట ఎత్తేవాళ్ళం కాదు. నేను పని నేర్చుకున్నది పల్నాడులో. సాగర్ కుడి కాలువ ఎక్కని మెట్ట చేలల్లో, బావుల మీద ఆయిలింజన్లు పోయి కరెంటు మోటార్లు దిగుతున్న కాలం అది. నాకు పని నేర్పిన మేస్త్రీ రైతు ఇంటికెళ్తే అరుగు మీద కూర్చునేవాడు కాదు. మంచినీళ్ళు తాగి, "ముందు బావి చూపించు బాబాయ్" అనేవాడు. సైకిలు ముందు చక్రానికి గుడ్డపీలిక ఒకటి కట్టి, గట్టు వెంబడి నడిపించుకుంటూ చుట్లు లెక్కపెట్టుకునేవాడు. 28 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే ఏడడుగుల పైచిలుకు. స్తంభం ఎక్కడ, మలుపెక్కడ, బాట దాటేదెక్కడ, అన్నీ సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకున్నాకే కొట్టుకి బయల్దేరేది. కొట్టాయన కూడా మొదట "ఎన్ని గజాలు?" అనే అడిగేవాడు. చెప్పలేనివాడికి వైరు కోసేవాడు కాదు, పోయి కొలుచుకురమ్మనేవాడు.

ఇదంతా చాదస్తం కాదు. తీగ సైజు తేల్చడానికి రెండు పరీక్షలున్నాయి. ఒకటి వేడి: ఇంత కరెంటు పారితే పైతొడుగు పాడవకుండా తీగ తట్టుకుంటుందా? రెండోది ఓల్టేజి: ఆ చివరికి చేరేసరికి ఎంత మిగులుతుంది? ఇంట్లో బోర్డు నుంచి ఫ్యానుకో గీజరుకో పది పదిహేను మీటర్లు. అక్కడ మొదటి పరీక్ష గట్టెక్కితే రెండోది దానంతటదే గట్టెక్కుతుంది. వాకిలి దాటి చేలోకి పోయే లైనుకి ఇది తలకిందులు. వేడి దగ్గర సులువుగా నెగ్గిన తీగే ఓల్టేజి దగ్గర చతికిలబడుతుంది. కొట్లో గోడకి అంటించిన పట్టిక మొదటి పరీక్ష సంగతే చెబుతుంది. రెండున్నర ఎంఎం రాగితీగ ఏడు ఆంపియర్లు మోస్తుందంటే నిజమే, అంతకు రెండింతలు కూడా మోస్తుంది. మోసుకెళ్ళి నూట ఇరవై మీటర్ల అవతల ఎంత దింపుతుందో ఆ పట్టికలో ఉండదు. కాలువ తల దగ్గర నిండుగా పారిన నీళ్ళు చివరి భూముల దాకా ఎన్ని వస్తాయో మా వైపు రైతుకి ఒకరు చెప్పక్కర్లేదు. తీగలో ఓల్టేజిదీ అదే వరస.

లెక్క ఏమంత కష్టమైంది కాదు, గుణకారమూ భాగహారమూ వస్తే చాలు. రాగికి గుర్తుంచుకోవలసిన అంకె 0.018. దూరాన్ని మీటర్లలో తీసుకుని రెట్టింపు చేయాలి, ఎందుకంటే కరెంటు ఫేజులో పోయి న్యూట్రల్లో తిరిగి రావాలి. ఈ రెట్టింపుని మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. దాన్ని ఆంపియర్లతో గుణించి, 0.018తో గుణించి, తీగ సైజుతో భాగించండి. వచ్చినన్ని ఓల్టులు దారిలో పోతాయి. త్రీఫేజైతే రెట్టింపు బదులు 1.73 రెట్లు వేసుకోవాలి.

ఒక హార్స్‌పవరు సింగిల్‌ఫేజు మోటారు, ఏడు ఆంపియర్లు, నూట ఇరవై మీటర్లు అనుకుందాం. ఒకటిన్నర ఎంఎం రాగి వేస్తే 20 ఓల్టులు తీగలోనే పోతాయి. రెండున్నరకి 12. నాలుగుకి ఏడున్నర. ఆరుకి 5. తీగలో మూడు శాతానికి మించి పోగొట్టకూడదని మాకు నేర్పారు. 230 మీద అది ఇంచుమించు 7 ఓల్టులు. కాబట్టి ఈ లైనుకి నేనైతే ఆరు వేస్తాను. రైతు చేతిలో డబ్బు ఆడకపోతే నాలుగు. అంతకన్నా కిందికి దిగమంటే పని ఒప్పుకోను. కొట్లో కుర్రాడు ఇచ్చింది ఒకటిన్నర. కరెంటువాళ్ళు ఇచ్చే ఓల్టేజి ఆరు శాతం అటూ ఇటూ ఉండొచ్చని 1956 నాటి విద్యుత్ నిబంధనల్లోనే రాశారు. అంటే మీటరు దగ్గర 216 ఉన్నా వాళ్ళ తప్పు కాదు. అందులో ఇరవై తీగకి పోతే మోటారుకి మిగిలేది 196. వేసవి సాయంత్రం ఊళ్ళో కూలర్లన్నీ తిరుగుతుంటే మీటరు దగ్గరే రెండొందలకి జారిన రోజులు నేను ఎన్నో చూశాను. అప్పుడు మోటారు పని ఇంకెంత కష్టమో ఆలోచించండి.

ఇది తిరుగుతున్న మోటారు సంగతి. అసలు చిక్కు మోటారు లేచేటప్పుడు. ఆగి ఉన్న మోటారు కదలాలంటే మామూలు కరెంటుకి అయిదారింతలు లాగుతుంది. తీగలో పోయే ఓల్టేజి కూడా ఆ క్షణాన దాంతోపాటే పెరుగుతుంది. పైన చెప్పిన ఒకటిన్నర ఎంఎం లైను మీద, మీటరు దగ్గర నిండా 230 ఉన్నా, స్టార్టయ్యేటప్పుడు మోటారుకి అందేది సుమారు నూట యాభై. మోటారు తిప్పే బలం ఓల్టేజి తగ్గినంతే తగ్గితే బాగుండేది. అది ఓల్టేజి వర్గం ప్రకారం తగ్గుతుంది. ఓల్టేజి మూడింట రెండు వంతులకి పడితే బలం సగానికన్నా కిందికి పోతుంది. మోటారు లేవలేక గుయ్యిమంటుంది. లేవకపోతే లాగుతున్న కరెంటు తగ్గదు, చుట్టలు వేడెక్కుతాయి, వార్నీషు వాసనొస్తుంది. బోరులో మునిగి ఉన్న మోటారైతే ఆ వాసన కూడా రాదు. పైపులు లాగి పైకి తీశాకే తెలుస్తుంది. అందుకే బోరు లోతుని కూడా దూరంలో కలుపుకోవాలి. స్టార్టరు డబ్బా దాకా కొలిచి ఆగిపోతారు, అక్కడ్నుంచి కిందికి దిగే నూట యాభై అడుగులు ఎవరి లెక్కలోకీ రావు.

మోటారు కాలిందా, తిట్లు ముందు కరెంటువాళ్ళకి, తర్వాత మోటారు కంపెనీకి. చుట్టించుకొచ్చి మళ్ళీ అదే వైరుకి తగిలిస్తారు. మోటారు మూడుసార్లు కాలి మూడు పంటలు పోయినా, వైరు వైపు ఎవరూ చూడరు. వైరు కాలలేదు కాబట్టి అది మంచిదేనని లెక్క. తను చల్లగా ఉండి అవతల మోటారుని కాల్చగలదని చెబితే నమ్మేవాళ్ళు తక్కువ.

ఇంకో మాట మొహమాటం లేకుండా చెబుతాను. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. రైతుకి అది ఎంత ఊపిరో నాకు తెలుసు, దాన్ని తప్పుపట్టను. కానీ బిల్లు పోయాక తీగలో పోయేదాని మీద ధ్యాస కూడా పోయింది. అయిదు హార్స్‌పవరు త్రీఫేజు మోటారు ఎనిమిది ఆంపియర్లు లాగుతూ రెండొందల యాభై మీటర్ల రెండున్నర ఎంఎం తీగ మీద నడుస్తుంటే, మూడు తీగల్లో కలిపి మూడొందల యాభై వాట్లు వేడిగా పోతాయి. రోజుకి తొమ్మిది గంటలు నడిస్తే మూడు యూనిట్ల పైమాట. ఆ వేడితో నీళ్ళు ఒక్క బిందె కూడా ఎక్కువ రావు. ఆ బిల్లు రైతుకి రాకపోయినా అదే ట్రాన్స్‌ఫార్మరు మీద బరువు పడుతుంది. అది పేలితే ఎండుతున్న మిరపతోట రైతుదే.

ఎండ సంగతి కూడా కొట్లో ఎవరూ అడగరు. రాగికి ఒక్కో డిగ్రీ వేడికి దాదాపు 0.4 శాతం నిరోధం పెరుగుతుంది. మా రెంటచింతల ఎండకి ఎదురుగా గట్టు మీద పడున్న నల్లవైరు అరవై డిగ్రీలకి చేరిందంటే, ఇరవై డిగ్రీల దగ్గర వేసిన లెక్కకి పదహారు శాతం ఎక్కువ పోతుంది. నీళ్ళు ఎక్కువ కావలసింది ఏప్రిల్ మే నెలల్లోనే, తీగ ఎక్కువ అడ్డం తిరిగేదీ అప్పుడే. మా మేస్త్రీ ఈ శాతాలు చెప్పేవాడు కాదు. లెక్కలో వచ్చినదానికన్నా ఒక సైజు ఎక్కువ తీసుకోమనేవాడు, అంతే.

ఆ రోజుల్లో ఎంఎంలు కావు, 3/20, 7/20 అనేవాళ్ళం. పైనున్నది పోగుల సంఖ్య, కిందది గేజి నంబరు. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. ఇరవై గేజి పోగు మందం 0.914 మిల్లీమీటర్లు. అలాంటివి ఏడంటే 4.6 చదరపు మిల్లీమీటర్లు. అంచు చుట్టూ గాట్లుండే ఉక్కు బిళ్ళ, గేజి ప్లేటు, ప్రతి వైర్‌మన్ సంచిలోనూ ఉండేది. వైరు కొనేముందు కొస గీకి, ఒక పోగు విడదీసి, ఆ గాట్లో దూర్చి చూసేవాళ్ళం. ఇరవై గాట్లో వదులుగా ఆడితే చుట్ట వెనక్కి. కొట్టాయన కోప్పడేవాడు కాదు. చూసుకోవడం కొనేవాడి హక్కని ఆయనకీ తెలుసు.

ఇప్పుడు తొడుగు మీద అచ్చేసిన అంకె చూసి కొంటున్నారు. ఆ అంకె తొడుగుది. లోపలున్నది వేరే కావచ్చు. మంచి కంపెనీ వైరులో ఒకటిన్నరకి 0.3 మిల్లీమీటర్ల పోగులు 22, రెండున్నరకి 36, నాలుగుకి 56 ఉంటాయి. ఐఎస్ఐ గుర్తు లేని సరుకు తెచ్చి లెక్కపెట్టండి. పోగులు తక్కువుంటాయి, లేదా సంఖ్య సరిపోయి పోగు సన్నగా ఉంటుంది. తొంభై మీటర్ల చుట్ట అంటారు, విప్పి కొలిస్తే తొంభై రాదు. మరీ ఘోరం ఏమిటంటే పైన రాగి పూత, లోపల అల్యూమినియం. చాకుతో పోగుని గీరితే తెల్లగా బయటపడుతుంది. చాకు లేకపోతే తూకం ఉంది. తొంభై మీటర్ల రెండున్నర ఎంఎం చుట్టలో రాగి ఒక్కటే రెండు కిలోలు తూగాలి. తొడుగుతో సహా చుట్ట మొత్తం రెండు కిలోలు లేదంటే లోపల మీరు డబ్బిచ్చిన రాగి లేదన్నమాట. రూపాయి పెట్టి కొన్న వంకాయని తిప్పి తిప్పి చూస్తాం. వేలు పోసి కొన్న వైరు కొస గీకి చూడడానికి మనకి తీరిక లేదు.

అల్యూమినియాన్ని నేను తక్కువ చేయడం లేదు. రాగి కొరతగా ఉన్న రోజుల్లో ఇళ్ళలో గోడల మీద కూడా అల్యూమినియం తీగే వేశాం. దూరపు లైనుకి ఇప్పటికీ అదే గిట్టుబాటు. కాకపోతే రాగి లెక్కకి 1.6 రెట్లు లావు తీసుకోవాలి. ఆరు ఎంఎం రాగి చేసే పనికి పది ఎంఎం అల్యూమినియం. అతుకుల దగ్గర మాత్రం అది రాగిలా ఊరుకోదు. గాలి తగలగానే పైన కరెంటు పారని పొర కడుతుంది. మరలు బిగించిన చోట కాలక్రమాన నలిగి వదులవుతుంది. రాగినీ అల్యూమినియాన్నీ కలిపి మెలేసి టేపు చుడితే, వానతడికి ఆ రెండిటి మధ్యా తినేయడం మొదలవుతుంది. ఏడాది తిరిగేసరికి అతుకు తెల్లగా పొడి కడుతుంది, వేడెక్కుతుంది, ఒకరోజు ఒక ఫేజు పోతుంది. త్రీఫేజు మోటారు రెండు ఫేజుల మీద నడిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెండు లోహాలకీ పనికొచ్చే బైమెటల్ లగ్గులు ఇప్పుడు ఏ పట్నంలోనైనా దొరుకుతున్నాయి. మాకు దొరకనివి వీళ్ళకి అరచేతిలో ఉన్నాయి, అయినా మెలేసి టేపే చుడుతున్నారు. అదే నా బాధ.

బయట లైనుకి సైజు ఎంత ముఖ్యమో, అది పోయే దారి కూడా అంతే. మేం స్తంభం నుంచి స్తంభానికి జీఐ తీగ బిగించి, పింగాణీ కప్పుల మీద సర్వీసు వైరుని దానికి కట్టుకుంటూ పోయేవాళ్ళం. బాట దాటేచోట 5.8 మీటర్ల ఎత్తుండాలని నిబంధన. చొప్ప బండి మీద మనిషి నిలబడి పోయినా తగలకూడదని దాని అర్థం. ఇప్పుడు ఇంట్లో టేబులు ఫ్యానుకి వాడే మెలితిప్పిన జంట వైరు కంచె మీద ముళ్ళకంప మధ్య నుంచి పోతోంది. రెండు వేసవులకి దాని తొడుగు బెరడులా పగులుతుంది. గొర్రెలు కంచె మేస్తాయి, పిల్లలు ఆడుకుంటారు, వాన పడుతుంది. ఇలాంటి చోట మనుషులు పోయిన ఇళ్ళకి నేను వెళ్ళాను. ఆ వైరుకి మిగిల్చిన డబ్బు ఎంతో కూడా నాకు తెలుసు. అంతకన్నా ఏమీ రాయలేను.

నేలలో వేసేవాళ్ళు ఆర్మర్డు కేబులు వేసుకోవాలి, ముప్పావు మీటరు లోతు తవ్వాలి, కింద పైన ఇసుక పోసి ఇటుకలు పేర్చాలి. జానెడు లోతులో పూడ్చిన కేబులు మొదటి దుక్కికే నాగలికి తగులుతుంది. మా నల్లరేగడిలో ఇంకో బెడద ఉంది. ఎండాకాలం నేల బెత్తెడేసి నెర్రెలు విచ్చుతుంది, బిగుతుగా వేసిన కేబులుని లాగుతుంది. అందుకని గోతిలో పాములా కొద్దిగా వంపులు తిప్పి వదులుగా పరచాలి. అతుకు నేలలో ఉండనే కూడదు. దూరం ముందే కొలిచినవాడు ఒకే ముక్క తెచ్చుకుంటాడు. కొలవనివాడికి సరిగ్గా చేను మధ్యలో వైరు చాలదు.

సన్నవైరు వల్ల వచ్చే ఇంకో ప్రమాదాన్ని ఈ కాలపు పనివాళ్ళు బొత్తిగా పట్టించుకోవడం లేదు. రెండొందల మీటర్ల ఒకటిన్నర ఎంఎం లైను చివర ఫేజూ న్యూట్రలూ కలిసి షార్టయిందనుకోండి. ఎంసీబీ టక్కున పడిపోతుందని అందరి ధీమా. లెక్క చూడండి. పోనూ రానూ నాలుగు వందల మీటర్ల తీగకి నిరోధం 4.8 ఓములు. 230ని దాంతో భాగిస్తే పారే కరెంటు 48 ఆంపియర్లే. మామూలుగా దొరికే సి రకం ఎంసీబీ వెంటనే పడాలంటే దాని అంకెకి అయిదు నుంచి పది రెట్లు కరెంటు రావాలి. 16 ఆంపియర్లదానికైనా తక్కువలో తక్కువ 80. మోటారు స్టార్టయ్యేటప్పుడు పడిపోతోందని 16 తీసేసి 32 పెట్టే తెలివైనవాళ్ళుంటారు. అప్పుడు 48 ఆంపియర్లు దానికి కొంచెం ఎక్కువ లోడు మాత్రమే, నిమిషాల తరబడి భరిస్తుంది. ఆ నిమిషాలన్నీ సన్నతీగ నిప్పులా కాలుతూ గడ్డివాము పక్కనుంచో పశువుల కొట్టం మీంచో పోతూ ఉంటుంది. లావు తీగ వేస్తే ఓల్టేజి నిలబడడమే కాదు, షార్టయినప్పుడు కరెంటు ఎక్కువ పారి ఎంసీబీ తన పని తను చేయగలుగుతుంది.

కొత్తగా వచ్చినవాటిలో నేను చేతులెత్తి దండం పెట్టేది ఒకటుంది, ఆర్‌సీసీబీ. ముప్పై మిల్లీ ఆంపియర్లు దారితప్పి నేలలోకి పోతే చాలు, కళ్ళు మూసి తెరిచేలోగా కరెంటు ఆపేస్తుంది. మాకు ఉప్పూ బొగ్గూ వేసిన ఎర్తు గొయ్యి, దాంట్లోంచి మోటారు దాకా పోయే ఎనిమిది నంబరు జీఐ తీగ, పైన దేవుడు, అంతే. ఆ గొయ్యిలో వేసవిలో రోజూ బిందెడు నీళ్ళు పోసేవాళ్ళం. ఈ పరికరం మా రోజుల్లో ఉండుంటే నాకు తెలిసిన కొందరు ఇవాళ బతికుండేవాళ్ళు. ఇంట్లో లక్షల సోఫాలు వేసి, పశువుల కొట్టానికీ పెరటి కుళాయి మోటారుకీ పోయే లైనుకి ఇది పెట్టించనివాళ్ళని చూస్తే నాకు కోపం ఆగదు. అలాగని ఇది పెట్టాం కదాని ఎర్తు తీగ ఎగ్గొట్టకూడదు, రెండూ కావాలి.

పని అయ్యాక మేం చేసే చివరి పరీక్ష ఒకటుండేది. మోటారు నీళ్ళు పోస్తుండగా ఒకరు మీటరు దగ్గర, ఇంకొకరు మోటారు దగ్గర ఓల్టేజి చూసేవాళ్ళం. ఒకే సమయానికి చూడాలి కాబట్టి గట్టు మీద మధ్యలో ఒక కుర్రాణ్ణి నిలబెట్టి కేకేయించేవాళ్ళం. ఖాళీ లైను మీద ఓల్టేజి చూస్తే ఏ సన్నవైరైనా నిండుగానే చూపిస్తుంది, కరెంటు పారినప్పుడే దాని సంగతి బయటపడుతుంది. రెండో మీటరు దొరకని రోజుల్లో మాకున్నది పక్క ఊరి వర్క్‌షాపులో అడిగి తెచ్చుకునే ఒక్క మీటరు. అప్పుడు ఒకసారి ఈ చివర, ఒకసారి ఆ చివర చూసి, మళ్ళీ ఈ చివరికొచ్చి సరిచూసుకునేవాళ్ళం. ఇప్పుడు మీటరు ప్రతి కుర్రాడి జేబులోనూ ఉంది, కేక వేయడానికి చేతిలో ఫోనుంది. మోటారు ఆన్ చేయించి, రెండు చివరలా చూడమనండి. తేడా ఏడు ఓల్టులు దాటితే ఎంత దాటిందో అక్కడే కాగితం మీద రాయించుకోండి, కూలి డబ్బులు ఆ తర్వాత ఇవ్వండి.